తొమ్మిదో మగ్గం గీత

నేను ఏం పని చేస్తానని ఎవరైనా అడిగితే మా అమ్మ "డబ్బాలు కడ్తది" అని చెబుతుంది. తప్పు ఆమెది కాదు. కంటెయినర్ అంటే ఏమిటని ఒకరోజు అడిగితే, ప్రోగ్రామును, దానికి కావలసిన సరంజామాను మొత్తం ఒకే డబ్బాలో సర్ది మూత పెడతామని, ఆ డబ్బాను ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఒకేలా పనిచేస్తుందని నేనే చెప్పాను. మా అమ్మకు అది బాగా నచ్చింది. అన్నం, పప్పు, పచ్చడి, చెంచాతో సహా కట్టిచ్చే డబ్బా లాంటిదే కదా అని తేల్చేసింది. వారం తిరిగేసరికి మట్టెవాడలో మా సందు మొత్తానికి నేను హనుమకొండలో ఏదో క్యాంటీన్‌లో పనిచేస్తున్నట్టు తెలిసిపోయింది. ఒకావిడ తన కొడుకు పెళ్ళికి మూడొందల భోజనాలు కట్టిస్తారా అని కూడా అడిగింది.

నిజానికి మా ఆఫీసు హనుమకొండ నుంచి హసన్‌పర్తి వెళ్ళే రోడ్డు మీద, ఒక టైల్స్ దుకాణం పైన ఉంటుంది. ఎనిమిది మందిమి, రెండు ఏసీలు, అందులో ఒకటి పనిచేస్తుంది. నాకు పని నేర్పిన మా లీడ్ నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, అక్కా అని పిలుస్తాను. నెమ్మదస్తురాలు. నేను కాదు. నా ప్రోగ్రాములో తప్పుందని ఎవరైనా అంటే ముందు నాకు కోపం వస్తుంది, ఆ తర్వాత ఏడుపు వస్తుంది, అన్నిటికన్నా చివర అనుమానం వస్తుంది. ఈ వరస తిరగబడి ఉంటే నేనిప్పుడు చెప్పబోయే కథ ఉండేది కాదు.

నేను సొంతంగా కట్టిన మొదటి కనెక్టర్ జంపఖానాలు నేసే ఒక సొసైటీ కోసం. పెళ్ళిళ్ళలో, మీటింగుల్లో నేల మీద పరిచే మందపాటి నూలు జంపఖానాలు మా ఊళ్ళో ఎప్పటి నుంచో నేస్తారు. ఆ సొసైటీ వాళ్ళకు మా ఇంటికి పావుగంట దూరంలో ఒక పొడుగాటి షెడ్డు ఉంది, అందులో ఇరవై రెండు మగ్గాలు ఉన్నాయి. పెద్ద నగరంలో ఉన్న ఒక కొనుగోలుదారు వాళ్ళకు పెద్ద ఆర్డర్ ఇస్తూ ఒక మెలిక పెట్టాడు. నేత ఎంత అయిందో రోజూ తన ఆఫీసులో కూర్చుని తెర మీద చూసుకోవాలట. అందుకోసం ప్రతి మగ్గానికీ, పేక పోగును ముందుకు నెట్టే చెక్క పక్కన, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద పెట్టె ఒకటి బిగించారు. చెక్క ఒకసారి వచ్చి తగిలితే ఒక దెబ్బ. పెట్టె నిమిషానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెడుతుంది. పది నిమిషాలకొకసారి ఆ పది అంకెలనూ మగ్గం నంబరుతో కలిపి చిన్న ఫైలుగా క్లౌడ్‌లోకి పంపిస్తుంది. సమయం ఫైలు పేరులో ఉంటుంది, లోపల ఉండదు.

అక్కడ ఆ ఫైళ్ళు గోదాములో బస్తాల్లా పడి ఉంటాయి. కొనుగోలుదారు దగ్గరున్నది వాటిని గ్రాఫులుగా గీసి చూపించే అనలిటిక్స్ సాఫ్ట్‌వేర్. రెండిటికీ ఒకదాని భాష ఒకదానికి తెలియదు. గోదాములో బస్తా పడగానే ఎత్తుకుని, విప్పి, దుకాణంలో దింపి వచ్చే హమాలీ ఒకడు మధ్యలో కావాలి. ఆ హమాలీయే కనెక్టర్. దాన్ని రాసి, కంటెయినర్‌లో పెట్టి, నడిపించడం నా వంతు. అక్క నా వైపు చూసి "ఈసారి మొత్తం నువ్వే చెయ్యి, నేను అడ్డం రాను" అన్నప్పుడు నాకు సంతోషంతో ఆ పూట అన్నం సహించలేదు.

మూడు వారాల్లో పూర్తి చేశాను. మొదటిసారి ఒక ఫైలు గోదాములో పడిన నాలుగు సెకన్లకు తెర మీద గీత కదిలినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అదే రోజు షెడ్డుకు వెళ్ళి, ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి అందరికీ చూపించాను. సొసైటీ ప్రెసిడెంటును నేను కాకా అంటాను. యాభై దాటిన మనిషి, నవ్వితే షెడ్డంతా వినబడుతుంది. ఆయన వెళ్ళి పదిహేనో మగ్గం మీద చెక్కను నాలుగుసార్లు లాగి, పరుగున వచ్చి తెర చూశాడు. పది నిమిషాలు ఆగాలని చెబితే పది నిమిషాలూ అక్కడే నిలబడ్డాడు. గీత లేచింది.

"మంచిగుంది బిడ్డా. ఇగ మా ఓళ్ళు బీడీకి లేస్తె గూడ నగరంల తెలుస్తది" అన్నాడు.

అందరూ నవ్వారు. తొమ్మిదో మగ్గం మీద కూర్చున్న తాత మాత్రం తల తిప్పలేదు. ఆయన, ఆయన భార్య ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఆ వెడల్పు జంపఖానాకు ఒక మనిషి చేతులు చాలవు, ఇద్దరు కావాలి. వాళ్ళ మధ్య మాటలు ఉండవు. చెక్క వచ్చి తగులుతుంది, మళ్ళీ తగులుతుంది. ఆ షెడ్డులో ఇరవై రెండు మగ్గాల చప్పుడు ఒక్కసారిగా వింటే గోలే, కానీ ఆ మూల దగ్గర నిలబడితే మాత్రం గోడ గడియారం పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. ఆ రోజు నేను అక్కడ ఒక్క నిమిషం నిలబడి, బాగుందని అనుకుని, మరిచిపోయాను.

పంతొమ్మిది రోజులు బాగానే నడిచింది. ఇరవయ్యో రోజు పొద్దున్నే తెర చూస్తే ఒక్క గీత లేదు. ఇరవై రెండు మగ్గాల దగ్గరి నుంచి ఒక్క దెబ్బ రాలేదు. పది దాటింది, పదిన్నర దాటింది. కనెక్టర్ చచ్చిపోయిందని తీర్మానించుకున్నాను. ఎవరినీ అడగలేదు, అడిగితే చిన్నతనం కదా. పాత కంటెయినర్ తీసి పారేసి కొత్తది మొదలుపెట్టాను. అలా చేయగానే గీతలు వచ్చాయి. వచ్చాయంటే మామూలుగా కాదు, వరద వచ్చినట్టు వచ్చాయి. నేను తృప్తిగా ఊపిరి పీల్చుకుని చాయ్ తాగడానికి కిందికి దిగాను.

మెట్లు దిగుతుండగానే కాక ఫోన్ చేశాడు.

"ఏం బిడ్డా, ఇయ్యాల మావోళ్ళు ఎంత నేసిండ్లు?"

"మస్తు నేస్తాండ్లు కాకా. పొద్దుగాల జర ప్రాబ్లం ఉండె, ఇప్పుడు సరి చేసిన" అన్నాను.

కాక గొంతు తగ్గించాడు.

"ఇయ్యాల అమాస బిడ్డా. అమాసనాడు మగ్గమెవ్వడు ముడ్తడు? షెడ్డుకు తాళమేసి ఉన్నది. నగరంకెల్లి సార్ ఫోన్ చేసిండు, పంతొమ్మిది దినాల పని ఒక్క పూటల ఎట్ల చేసిండ్లని అడుగుతాండు. ఏం చెప్పాలె నేను?"

నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. మట్టెవాడలో పుట్టి పెరిగినదాన్ని. అమావాస్య నాడు నేతపని వాళ్ళు మగ్గం ముట్టరని చిన్నప్పటి నుంచి తెలుసు, మా పక్కింట్లో రెండు మగ్గాలు ఉండేవి. సెలవు రోజుల జాబితాలో ఆదివారాలు రాసుకున్నాను, పండగలు రాసుకున్నాను, అమావాస్య రాసుకోలేదు. ఎందుకంటే అమావాస్య క్యాలెండర్‌లో ఎరుపు రంగులో ఉండదు.

ఏమైందంటే, ఏ ఫైళ్ళు ఇప్పటికే మోశానన్న లెక్కను నా హమాలీ ఆ కంటెయినర్ లోపలే రాసుకునేవాడు. నేను కంటెయినర్‌ను పారేస్తే ఆ లెక్కా పోయింది. కొత్తవాడు వచ్చి గోదాములో ఉన్న పంతొమ్మిది రోజుల బస్తాలనూ మొదటి నుంచి మోసుకెళ్ళి, ఇవాళే వచ్చిన సరుకని దింపాడు. ఒక్క మగ్గమూ కదలని రోజున సొసైటీ చరిత్రలో ఎప్పుడూ లేనంత నేత నేసినట్టు తెర మీద పడింది. ఆ తర్వాత నెల రోజుల దాకా షెడ్డులో అడుగు పెడితే చాలు, ఎవరో ఒకరు "అమాస అమ్మాయొచ్చింది" అనేవారు.

నాకు నవ్వు రాలేదప్పుడు. రోషం వచ్చింది. ఇంకెప్పుడూ ఒకే ఫైలు రెండుసార్లు పోకుండా చేస్తానని పంతం పట్టాను. నాలుగు రోజులు కూర్చున్నాను. లెక్కను కంటెయినర్ బయట వేరే చోట దాచే ఏర్పాటు చేశాను. దాంతో ఆగితే బాగుండేది. ఫైలును గుర్తుపట్టడానికి దాని పేరు చాలదనుకున్నాను. లోపల ఉన్న అంకెల నుంచి ఒక వేలిముద్ర లాంటిది తయారుచేసే పద్ధతి ఒకటి ఉంది. లోపల ఒక్క అక్షరం తేడా ఉన్నా ముద్ర మారిపోతుంది. ఒకే ముద్ర రెండోసారి కనబడితే అది పాత ఫైలేనని వదిలేయమని రాశాను. పేరును ఎవరైనా మార్చొచ్చు, వేలిముద్రను మార్చలేరని అక్కతో గొప్పగా చెప్పాను.

అక్క చదివి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఒక్కటే అడిగింది.

"రెండు వేరే వేరే ఫైళ్ళల్ల ఒక్కటే తీరు అంకెలుంటె?"

"నేసేది మనుషులక్కా, మిషన్లు కాదు. పది నిమిషాలు పట్టి ఎవరు ఒక్కటే తీరు కొడ్తరు?" అన్నాను.

అక్క తన తెర వైపు తిరిగింది. అడ్డం రానని మాట ఇచ్చింది కదా. నేను పరీక్ష కూడా చేశాను, నా ఇష్టం వచ్చిన అంకెలు వేసి రెండువేల ఫైళ్ళు తయారుచేసి పంపాను. ఒక్కటీ తప్పిపోలేదు. కొత్త కనెక్టర్‌ను నడిపించి, మూడుసార్లు కావాలని ఆపి మళ్ళీ మొదలుపెట్టి చూశాను. వరద రాలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ అమ్మకు మల్లెపూలు కొన్నాను.

రెండు వారాలకు కాక ఆఫీసుకు వచ్చాడు. ఆయన మెట్లెక్కి రావడం అదే మొదటిసారి. మొదటి దఫా పని నచ్చిందని, రెండో దఫా ఇంకా మంచి రకం, అంచుకు బొమ్మలున్న జంపఖానాలు కావాలని కొనుగోలుదారు చెప్పాడట. కానీ ఇరవై రెండు మగ్గాలకూ కాదు, పది మగ్గాలకే. ఏ పది అన్నది తెర చూసి తేల్చాలని సొసైటీ కమిటీ నిర్ణయించింది. శనివారం మీటింగు. ఆ పదిలో లేనివాళ్ళకు ఆ కాలమంతా పని లేనట్టే.

"తొమ్మిది నంబర్ జర జూడు" అన్నాడు కాక.

చూశాను. తొమ్మిదో మగ్గం గీత మొదట అందరికన్నా పైన ఉండి, పదిహేను రోజులుగా దిగుతూ వస్తోంది. రోజురోజుకూ తక్కువ. చివరి రోజున సగం కన్నా కిందికి పోయింది. అది చూస్తే ఎవరైనా ఒక్కటే అనుకుంటారు, నేనూ అదే అనుకున్నాను. పైగా పైకి అనేశాను కూడా.

"తాతకు వయసైపోయింది కద కాకా."

"నేను దినాం చూస్తాన. నా కండ్లకైతె నేస్తనే ఉన్నట్టు కనబడ్తాండు."

"కండ్లకు కనబడేది వేరు, డేటా వేరు. డేటా అబద్ధం చెప్పది" అన్నాను. ఈ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను, ఒక్కోసారి స్నానం చేస్తున్నప్పుడు గుర్తొచ్చి చెంబు చేతిలోనే ఆగిపోతుంది.

కాక మొహం మాడ్చుకున్నాడు. "నేను ఆయన దగ్గర్నే నేత నేర్చుకున్న బిడ్డా. నా నోటికెల్లి ఎట్ల చెప్పాలె? నువ్వే వచ్చి ఆ గీత జూపియ్యి. సదువుకున్న పిల్ల చెప్తె వేరే ఉంటది" అన్నాడు.

గురువారం పొద్దున పదకొండు గంటలకు ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని షెడ్డుకు వెళ్ళాను. నాకు ఇష్టం లేని పని చేయాల్సి వస్తే నేను ఇంకొంచెం పెద్దరికం తెచ్చుకుంటాను, ఆ రోజూ అంతే. తాత నన్ను చూసి చెక్కను వదిలేసి మగ్గం దిగాడు. ఆయన భార్య, ఆ అవ్వ, కొంగుతో బల్ల తుడిచి కూర్చోమంది. ఎదురుగా ఉన్న హోటల్‌కు కేకేసి ముగ్గురికీ చాయ్ చెప్పింది. చాయ్ వచ్చేదాకా వాళ్ళిద్దరూ మా అమ్మ గురించి అడిగారు, మా ఇల్లెక్కడో అడిగారు, పక్కింటి మగ్గాలు ఎవరివో చెబితే వాళ్ళ తాతల దాకా వివరం చెప్పారు. చాయ్ అయ్యాక నేను గ్రాఫు తెరిచి, దిగుతున్న గీతను వేలితో చూపించి, చెప్పాల్సింది చెప్పాను. మెత్తగానే చెప్పాననుకున్నాను.

తాత చాలాసేపు ఆ గీత వైపు చూశాడు. అవ్వ తాత వైపు చూసింది.

"నేనైతె ఆపలె బిడ్డా" అన్నాడు చివరికి.

"ఆపినవని కాదు తాతా. జర తగ్గింది అంటాన."

"తగ్గలె గూడ." గొంతులో కోపం లేదు. అది ఉంటే నాకు తేలికయ్యేది. "పొద్దుగాల ఎంతనో మాపటికి గంతే. నలభై ఏండ్ల సంది గంతే. నీ డబ్బా తప్పు లెక్క పెడ్తాందేమో చూడరాదు?"

నాకు చర్రుమంది. నాలుగు రోజులు కూర్చుని రాసినదాన్ని, మూడుసార్లు పరీక్షించినదాన్ని. "డబ్బాకు నువ్వయినా ఒక్కటే, ఇంకొకరైనా ఒక్కటే తాతా. అందరిది మంచిగనే వస్తాంది, నీది ఒక్కటే ఎందుకు తప్పొస్తది?" అన్నాను. అవ్వ ఖాళీ గ్లాసులు తీసుకుని లేచింది. తాత లేచి మగ్గం ఎక్కాడు.

"గక్కడ కూసో. నువ్వే లెక్క పెట్టు" అన్నాడు.

సరేనన్నాను. ఇవాళ ఈ పెద్దాయనకు కళ్ళెదుటే రుజువు చేసి వెళ్దామన్న ఉద్దేశంతోనే అన్నాను, దాచను. ఫోన్‌లో గడియారం పెట్టుకుని, నోటు పుస్తకంలో నిమిషానికొక గీత గీశాను. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. మొదలుపెట్టారు.

మొదటి నిమిషం ఎనిమిది దెబ్బలు. రెండో నిమిషం ఎనిమిది. మూడోది ఎనిమిది. నాలుగో నిమిషంలో పక్క మగ్గం వాళ్ళు ఏదో అడిగితే తాత జవాబు చెప్పాడు, చేతులు మాత్రం ఆగలేదు, ఎనిమిది. ఏడో నిమిషానికి నా పెన్సిల్ నెమ్మదించింది. పదో నిమిషం కూడా ఎనిమిదే. నా పుస్తకంలో ఒక కాలమ్ నిండా ఎనిమిదులు, చిన్నప్పుడు బడిలో చేతిరాతకు రాయించినట్టు.

ఇంకో పది నిమిషాలు లెక్కపెట్టాను. మళ్ళీ పది ఎనిమిదులు.

ల్యాప్‌టాప్ తెరిచి నేరుగా గోదాములోకి వెళ్ళి చూశాను. తొమ్మిదో మగ్గం ఫైలు ఇప్పుడే వచ్చి పడి ఉంది. తెరిస్తే పది ఎనిమిదులు. దాని ముందు పది నిమిషాలది, అదీ ఉంది, అదీ పది ఎనిమిదులే. రెండింటి వేలిముద్ర ఒక్కటే. అనలిటిక్స్ తెర వైపు చూస్తే ఆ ఇరవై నిమిషాలకూ ఏమీ లేదు. నా హమాలీ రెండు బస్తాలనూ చూసి, ఇవి ఎప్పుడో మోసినవేనని పక్కకు పడేశాడు. నిన్న కూడా అంతే, మొన్న కూడా అంతే. ఒక్కో రకం వరస మొదటిసారి వచ్చినప్పుడు మోశాడు, ఆ తర్వాత అది ఎన్నిసార్లు వచ్చినా వదిలేశాడు. అందుకే గీత రోజుకు కొంచెం చొప్పున దిగింది.

మిగతా మగ్గాల వాళ్ళు ఒక నిమిషం ఆరు కొడితే ఇంకో నిమిషం తొమ్మిది కొడతారు. వాళ్ళ ఫైళ్ళు ఏ రెండూ ఒకేలా ఉండవు. మగ్గం ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే పది సున్నాలనూ నా కనెక్టర్ వదిలేస్తూనే ఉంది గానీ, సున్నాకూ ఏమీ లేకపోవడానికీ గ్రాఫులో తేడా ఉండదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. తాత అంకెలు ఎప్పుడు మారేవంటే, తెగిన పోగు ముడి వేసినప్పుడు, అయిపోయిన నూలు కండె మార్చడం ఆలస్యమైనప్పుడు, ఎవరో వచ్చి చేయి పట్టుకున్నప్పుడు. పని చెడినప్పుడు మాత్రమే ఆయన పని చేసినట్టు నా ప్రోగ్రాం ఒప్పుకుంది. ఎంత బాగా నేస్తే అంత నేయనట్టు రాసింది. పది నిమిషాలు పట్టి ఎవరు ఒక్కటే తీరు కొడతారని నేను అక్కను అడిగాను కదా, ఆ మనిషి నాకు మూడడుగుల దూరంలో కూర్చుని కొడుతున్నాడు.

"తాతా, ఆపు" అన్నాను. ఆయన వెంటనే ఆపలేదు, వరస పూర్తి చేసి ఆపాడు.

"తప్పు నాది. నీది కాదు. నీ లెక్క మొత్తం నేనే పారబోసిన."

ఎందుకో, ఎలాగో చెప్పాను. వేలిముద్రల సంగతి ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. ఒకే తీరుగా ఉన్నవాటిని పాతవనుకుని వదిలేసిందన్నది మాత్రం అర్థమైంది. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "చూసినవా, ఒక్క తీరు ఉండకు, ఒక్క తీరు ఉండకు అని నేను ఎప్పటిసంది మొత్తుకుంటాన" అంది తాతతో. తాత కూడా నవ్వాడు. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకున్నాను, పూర్తిగా ఆగలేదు.

"ఇగ గట్ల ఫికర్ చేయకు" అన్నాడు తాత. "అసలు నీ డబ్బాకు ఆ ముద్రల పనేంది? ఎక్కడిదాంక మోసిందో యాది పెట్టుకుంటె సాలదా?"

జంపఖానా అంచు చూపించాడు. అక్కడ చిన్న ఎర్ర పోగు ముడి వేసి ఉంది. సాయంత్రం మగ్గం దిగే ముందు అవ్వ ఆ రోజు నేత ఎక్కడ ఆగిందో అక్కడ ఆ పోగు కడుతుంది, మర్నాడు అక్కడి నుంచి కొలుచుకుంటారు. అంతకుముందు నేసిందాన్ని మళ్ళీ తడిమి చూడాల్సిన పని లేదు. ప్రతి ఫైలు పేరులోనూ మగ్గం నంబరు, సమయం ఉన్నాయి. ఏ మగ్గానిది ఏ సమయం దాకా మోశానో ఒక్క గుర్తు పెట్టుకుంటే చాలు. అమావాస్య మర్నాడే ఈ మాట నాకు తట్టి ఉండాల్సింది. నేను నాలుగు రోజులు కూర్చుని వేలిముద్రల కార్యాలయం తెరిచాను.

ఆఫీసుకు వచ్చి అక్కకు చెబితే అక్క ఒక్కసారి కళ్ళు మూసుకుంది. "నేను గట్టిగ అడగాల్సింది" అంది. ఇద్దరం కూర్చున్నాం. ముద్రలు తీసేసి, మగ్గం మగ్గానికి ఒక గుర్తు పెట్టే పద్ధతి రాశాం. ఫైలు వచ్చి చేరిన సమయం కాకుండా పేరులో ఉన్న సమయాన్నే నేసిన సమయంగా తీసుకునేలా మార్చాం. పరీక్షకు ఈసారి నా ఇష్టం వచ్చిన అంకెలు వేయలేదు, నోటు పుస్తకంలో ఉన్న ఎనిమిదులు వేశాను. శుక్రవారం మధ్యాహ్నానికి అయిపోయింది. గోదాములో అసలు ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, అదొక్కటి నా అదృష్టం. తెర మీది పాత లెక్కంతా తుడిపించి, కొత్త హమాలీని మొదటి రోజు నుంచి మళ్ళీ మోయమన్నాను. కొనుగోలుదారు ఆఫీసుకు ఫోన్ చేసి, పొరపాటు మాదని, మగ్గాలది కాదని నేనే చెప్పాను.

శనివారం మీటింగుకు షెడ్డులో మగ్గాలన్నీ ఆగాయి. కాక గోడకు తెల్ల పంచె ఒకటి కట్టించాడు, దాని మీద ప్రొజెక్టర్‌తో గ్రాఫు వేశాను. ఇరవై రెండు గీతలు. ఇరవై ఒకటి కొండల్లా, గుట్టల్లా లేస్తూ పడుతూ ఉన్నాయి. పైన ఒకటి మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు సాఫుగా పోతోంది, మధ్యాహ్నం అన్నం వేళకు కిందికి దిగి, మళ్ళీ ఎక్కడి నుంచి దిగిందో అక్కడికే ఎక్కుతోంది.

"మళ్ళ ఆగిపోయినట్టుంది గద బిడ్డా" అన్నాడు కాక నా చెవిలో, ఆ సాఫు గీతను చూపించి.

"ఆగలె కాకా. అది తాతది."

కాక పంచె దగ్గరికి వెళ్ళి దగ్గరగా చూశాడు, వెనక్కి వచ్చి దూరం నుంచి చూశాడు. ఆ తర్వాత షెడ్డంతా వినబడేలా నవ్వాడు. పది మగ్గాల నంబర్లు చదివేటప్పుడు మొదట తొమ్మిదో నంబరు చదివాడు. అవ్వ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

మీటింగు అయ్యాక అందరూ చాయ్ తాగుతుంటే తాత ఒక్కడే లేచి పంచె దగ్గరికి వెళ్ళాడు. తన గీత మీద చూపుడువేలు పెట్టి, నేసిన గుడ్డలో లోపం వెతికినట్టు, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. నేనూ పక్కకు వెళ్ళి నిలబడ్డాను. ఒకచోట వేలు ఆగింది. అక్కడ గీత అడుగు దాకా పడిపోయి, మళ్ళీ లేచింది. అన్నం వేళ కాదు. రాత్రులు, సెలవు రోజులు తీసేస్తే నెల మొత్తంలో అలాంటి గుంత అదొక్కటే.

"గిదేంది బిడ్డా? ఈడ నేను ఆపినట్టున్నది."

ఇంకా ఏదో తప్పు మిగిలిందనుకున్నాను. గబగబా కింద ఉన్న సమయం చూశాను. "గురువారం తాతా. పొద్దున పదకొండు" అన్నాను.

తాత మొహం విప్పారింది.

"అవ్ గద. నువ్వచ్చినవ్. మగ్గం దిగి నీకు చాయ్ తెప్పిచ్చిన."

ఆయన తృప్తిగా తలూపి, లెక్క సరిపోయినట్టు వేలు తీసేసి వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఆ నెల రోజుల్లో ఆయన పని మధ్యలో వదిలి మగ్గం దిగింది ఒక్కసారే, ఆయన సరిగా పని చేయడం లేదని చెప్పడానికి నేను వెళ్ళినప్పుడు.